‘లోపల’ అనే ఫోల్డరు

ఆఫీసులో ఆమెను అందరూ సర్వరమ్మ అనేవాళ్ళు. ఎవరు పెట్టారో తెలియదు గానీ ఆ పేరు అతుక్కుపోయింది. మెయిల్ ఆగినా, పాస్‌వర్డు మరిచిపోయినా, ప్రింటరు కాగితాన్ని నమిలి ఉమ్మేసినా జనం ఆమె గది గుమ్మంలో చేతులు జోడించి, "సర్వరమ్మ తల్లీ, నువ్వే దిక్కు" అని నిలబడేవాళ్ళు. ఆమె కూడా ఒకప్పుడు కుడిచెయ్యి ఎత్తి దీవించి, "మొక్కులు తర్వాత, ముందు దాన్ని ఓసారి ఆపి మళ్ళీ వేశావా?" అని అడిగేది. పదకొండు నెలలుగా ఆ చెయ్యి లేవడం లేదు. అడిగిన పని మాత్రం చేసిపెడుతోంది.

భర్త పోయి పదకొండు నెలలు. మూడు వారాలు ఆసుపత్రి మంచం మీద ఉండి, ఒక మధ్యాహ్నం నర్సు నీళ్ళు తేవడానికి వెళ్ళిన వేళ వెళ్ళిపోయాడు. అప్పుడు ఆమెకు ఏడుపు రాలేదు. తర్వాతైనా వస్తుందనుకున్నారు అందరూ. తర్వాతా రాలేదు. పన్ను పీకే ముందు డాక్టరు సూది వేస్తే చెంప మొద్దుబారుతుంది చూడండి, వేలితో తాకితే ఎవరి చెంపనో తాకినట్టుంటుంది. ఆమెకు ఒళ్ళంతా, మనసంతా అలాగే ఉండేది. పొద్దున్నే స్నానం చేసి దేవుడి పటం ముందు నిలబడేది. ఆ నిలబడటం కూడా హాజరు పట్టీలో సంతకం పెట్టడంలాగే ఉండేది. దేవుడు ఆ మాత్రం సంతకాన్ని కూడా కాదనడు, అది వేరే సంగతి.

ఆమె మరిది, తోడికోడలు అదే ఇంట్లో కింది వాటాలో ఉండేవాళ్ళు. మరిది కూడా అదే కంపెనీలో పని చేసేవాడు. అది లిఫ్టులు బాగుచేసే కంపెనీ. ఆమె కంప్యూటర్ల గదిలో, అతను ఊరి మీద మెకానిక్కు. పొద్దున్నే మెట్ల కింద స్కూటరు హారన్ మోగించి, "వదినా! నీ విమానం సిద్ధం. ఆలస్యమైతే కిటికీ సీటు పోతుంది" అని కేకేసేవాడు. దారి పొడుగునా అతనే మాట్లాడేవాడు. ఎలా ఉన్నావని ఒక్కరోజూ అడగలేదు. అడిగితే ఆమెకు జవాబు వెతుక్కోవలసి వస్తుందని అతనికి తెలుసు. తోడికోడలు అన్నం డబ్బా తానే ఆమె సంచిలో పెట్టేది. సాయంత్రం డబ్బా తెరవకుండా తిరిగొస్తే ఒక్కమాట అనేది కాదు. మర్నాడు కొంచెం తక్కువ పెట్టేది, కొంచెం మెత్తగా కలిపి పెట్టేది. ఇలాంటి మేళ్ళు చేసేవాళ్ళకు చేస్తున్నామని ఉండదు. అందుకునేవాళ్ళకు అందిందనీ ఉండదు. పైవాడొక్కడే చూస్తుంటాడు.

అలా ఉండగా మెయిల్ సర్వర్ మార్చే పని వచ్చింది.

నడవా చివరి గదిలో తొమ్మిదేళ్ళుగా రొద పెడుతున్న పాత సర్వర్‌కు కాలం చెల్లింది. దాన్ని చేసినవాళ్ళే ఇక మా పూచీ లేదన్నారు. మెయిళ్ళన్నీ ఎక్కడో దూరాన అద్దెకు తీసుకున్న కొత్త చోటికి చేరాలి. ఎవరి పెట్టె వాళ్ళది కాబట్టి మనుషుల సొంత మెయిళ్ళు పది రోజుల్లో నిశ్శబ్దంగా వెళ్ళిపోయాయి. మిగిలినవి ఉమ్మడి ఫోల్డర్లు. అక్కడే వచ్చింది తంటా.

ఉమ్మడి ఫోల్డర్లంటే ఉమ్మడి కుటుంబంలో అటక లాంటివి. అందరూ పడేసేవాళ్ళే, దించి దులిపేవాళ్ళు ఒక్కరూ ఉండరు. ఆ ఆఫీసులో ఏ మెయిల్ వచ్చినా దాన్ని పట్టి ఏదో ఒక ఫోల్డరులోకి లాగి పడేసే అలవాటు. చదవడం తర్వాత సంగతి. ముందు సర్దేయాలి. కంపెనీ చూసుకునే భవనాలు ఆరువందల పన్నెండు. ఒక్కో భవనానికి ఒక ఫోల్డరు. దాని కింద ఫిర్యాదులు, విడిభాగాలు, తనిఖీలు, వాటి కింద ఏళ్ళు, ఏళ్ళ కింద నెలలు. లెక్క తీస్తే తొమ్మిది వేల మూడువందల నలభై ఆరు ఫోల్డర్లు తేలాయి.

కొత్త ఇంటివాడు పెట్టిన షరతులు వేరు. ఒక్క పెట్టెలో ఇంత బరువే పట్టాలి, కాబట్టి కొమ్మకు కొమ్మ పుట్టిన ఆ ఫోల్డర్ల చెట్టును ఆరు పెట్టెలకు పంచాలి. పేర్లలో గీతలు ఉండకూడదు, పేరు చివర కంటికి కనపడని ఖాళీ చోటు ఉండకూడదు. ఏ ఫోల్డరు ఎవరు చూడవచ్చో, ఎవరు ముట్టుకోవచ్చో ఆ అనుమతులు కూడా వెంట తీసుకెళ్ళాలి. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పినట్టు ఒక్కొక్కటే మెడ పట్టి, గాయం కాకుండా తిప్పాలి. సర్వరమ్మ నోరెత్తకుండా జాబితాలు కట్టింది. మొద్దుబారిన మనసుకు జాబితా మంచి తోడు. అడ్డుగీత కింద అడ్డుగీత, ఎంత దూరం పోయినా ఏమీ అడగదు.

ఏ ఫోల్డరు ఎందుకుందో కనుక్కోవడానికి ఆమె ఒక పుస్తకం పట్టుకుని డెస్క్ గదికి వెళ్ళింది. డెస్క్ అంటే ఫోన్లు ఎత్తి మెకానిక్కుల్ని పంపే చోటు. అక్కడ పద్నాలుగేళ్ళుగా కూర్చున్నాయన్ని చిన్నాపెద్దా అందరూ బాబాయ్ అనే పిలుస్తారు. ఆ ఫోల్డర్ల చెట్టుకు పాదు తీసింది ఆయనే.

"బాబాయ్, ప్రతి భవనం కిందా ‘లోపల’ అని ఒకటుంది. ఎందుకు?"

"అదా? అదే అన్నిటికన్నా ముఖ్యం తల్లీ. మనవాడు లిఫ్టు షాఫ్టులోకి, ఆ బావిలాంటి సందులోకి దిగేముందు ఫోన్‌లోంచి దానికి ఒక మెయిల్ కొడతాడు. ప్రతి ‘లోపల’కీ సొంత అడ్రసు ఉందిలే. మెయిల్ రాగానే నాకిక్కడ ఆ భవనం పేరు లావుగా అవుతుంది, పక్కన ఒకటి అని అంకె పడుతుంది. అంటే లోపల మనిషున్నాడన్నమాట. బయటికొచ్చి ఫోన్ చేస్తే ఆ మెయిల్ తీసి తనిఖీల్లో పడేస్తా. అంకె పోతుంది. అంకె ఉన్నంతసేపు కరెంటు వెయ్యమని ఎవడడిగినా, దేవుడే దిగొచ్చి అడిగినా, వద్దంటా."

"మెయిన్ స్విచ్చికి తాళం ఉంటుందిగా?"

"ఉంటుంది, తలుపు ఉన్న చోట. సగం భవనాల్లో మెయిన్ పెట్టెకు తలుపే ఊడిపోయె. ‘కరెంటు వెయ్యొద్దు’ అని బోర్డు తగిలించి దిగుతారు పాపం. బోర్డుదేముంది, గాలికి కూడా పడుతుంది."

సర్వరమ్మ తల ఊపింది. పుస్తకంలో రాసుకుంది: ‘లోపల – మనిషి షాఫ్టులో ఉన్నప్పుడు.’ చేతిరాత గుండ్రంగా, స్పష్టంగా ఉంది. ఆ మాట చెవి దాటి, చెయ్యి దాటి కాగితం చేరింది. మధ్యలో ఆమెను మాత్రం తాకలేదు. తన మరిదే రోజుకు రెండుసార్లు ఆ షాఫ్టుల్లోకి దిగుతాడని ఆ నిమిషాన ఆమెకు తట్టలేదు.

రెండు వారాల తర్వాత కొత్త చోటివాళ్ళు ఒక సలహా పంపారు. ఫోల్డర్లు మరీ ఎక్కువగా ఉన్నాయి, కాపీ నత్తనడక నడుస్తుంది, ఏమీ లేని ఖాళీ ఫోల్డర్లు వదిలేస్తే భారం మూడోవంతు తగ్గుతుందని. సబబుగానే ఉంది. ఆమె జాబితాను అంకెల ప్రకారం పేర్చింది. సున్నా ఉన్నవి మూడు వేల పైచిలుకు. పై నుంచి కిందికి ఒకసారి చూసింది. ఎప్పుడో మూసేసిన కొట్ల పేర్లు, ఏళ్ళనాటి నెలలు, ఎవరో తప్పుగా చేసి వదిలేసిన ‘కొత్త ఫోల్డరు’లు. వాటి నడుమ ‘లోపల’ అనే మాట ఆరువందల పన్నెండుసార్లు ఆమె కళ్ళ ముందు నుంచి జారిపోయింది. కాపీ చేసే సాధనంలో ‘ఖాళీవి వదిలేయి’ అన్న గడిలో టిక్కు పెట్టింది.

నియమం ప్రకారం అందరికీ నోటీసు కూడా పంపింది. ఖాళీ ఫోల్డర్లు కొత్త చోటికి రావు, ఎవరికైనా అభ్యంతరముంటే గురువారంలోగా చెప్పండి అని. నోటీసు అందిన మూడో నిమిషంలో బాబాయ్ దాన్ని చదవకుండానే పట్టుకుని ‘నోటీసులు’ అనే ఫోల్డరులోకి లాగేశాడు. మిగతావాళ్ళూ అంతే. గురువారం వచ్చింది, పోయింది. ఎవరూ నోరెత్తలేదు.

శనివారం మధ్యాహ్నం పాత ఫోల్డర్లకు తాళం వెయ్యాలి. అంటే చూడవచ్చు గానీ ఎవరూ ఏమీ మార్చకూడదు. ఆమె డెస్క్‌కు ఫోన్ చేసింది.

"బాబాయ్, ఇప్పుడు తాళం వేసెయ్యనా?"

"ఒక్క పావుగంట ఆగు. ఇద్దరు లోపలున్నారు, బయటికి రానీ." పావుగంట తర్వాత ఆయనే చేశాడు. "అందరూ బయటికొచ్చారు. ఇక నీ ఇష్టం. ఈ రెండ్రోజులూ నేను పుస్తకంలో రాసుకుంటాలే."

ఆ ఇద్దరూ లోపలుండగానే తాళం వేసి ఉంటే రెండు ‘లోపల’లైనా ఖాళీ కాకుండా మిగిలేవి. మంచి మనిషి ఓపిక పట్టి అందరినీ బయటికి రప్పించాడు కాబట్టి ఒక్కటీ మిగల్లేదు.

సోమవారం పొద్దున్నే కొత్త చెట్టు అందరి తెరల మీదా పచ్చగా నిలబడింది. మేనేజరు వచ్చి సర్వరమ్మకు చెయ్యి కలిపి, "ఇంత పెద్ద కాపురం మార్చారు, ఒక్క గ్లాసు పగల్లేదు" అని మెచ్చుకున్నాడు. ఆమె సరేనంది. కొత్త చోట మొదటిరోజు ఎవరికి ఏం కావాలో చూడటానికి తన కంప్యూటరు తెచ్చుకుని డెస్క్ గదిలోనే ఓ మూల కూర్చుంది.

"బాగుంది తల్లీ, బాగుంది," అన్నాడు బాబాయ్ తెర వైపు చూస్తూ. "పాతదానికన్నా శుభ్రంగా ఉంది. ఈవేళ ఎవడూ ఇంకా దిగినట్టు లేడు. సోమవారం గదా, బద్ధకం. మన మెకానిక్కులకు ఆదివారం మంగళవారం దాకా సాగుతుంది."

ఆమె నవ్వలేదు. కొత్త సర్వర్ చేరవెయ్యలేకపోయిన మెయిళ్ళ నకళ్ళు తనకు వచ్చేలా ఆమే ఏర్పాటు చేసుకుంది. వాటిని తెరిచింది. నాలుగున్నాయి. నాలుగూ ‘ఈ అడ్రసు లేదు’ అని తిరిగొచ్చినవే. మొదటిది చూసింది. పంపినవాడు ఆమె మరిది. తొమ్మిదీ పన్నెండుకు పంపాడు. ఊళ్ళో ఓ ఆరంతస్తుల కళ్ళాసుపత్రికి సంబంధించిన ‘లోపల’ అడ్రసు. విషయం దగ్గర ఒకే ఒక్క మాట: దిగుతున్నా.

గోడ గడియారం తొమ్మిదీ నలభై చూపిస్తోంది.

సరిగ్గా అప్పుడే డెస్క్ ఫోన్ మోగింది. బాబాయ్ ఎత్తాడు. అవతలివాడి గొంతు పెద్దది కాబట్టి మాటలు గదంతా వినపడుతున్నాయి.

"సార్, కళ్ళాసుపత్రి గార్డుని. ఇప్పుడే డ్యూటీ ఎక్కా. మెయిన్ దగ్గర మీ బోర్డు వేలాడుతోంది. పనైపోయిందా? పేషెంట్లు మెట్లు దిగలేక నా ప్రాణం తోడేస్తున్నారు. బోర్డు తీసి కరెంటు వేసెయ్యనా?"

బాబాయ్ తెర మీద ఆ భవనం పేరు చూశాడు. సన్నగా ఉంది. పక్కన అంకె లేదు. ఇన్నేళ్ళుగా అంకె లేకపోతే మనిషి లేనట్టే లెక్క. ఖాళీగా ఉన్న ఫోల్డరూ, అసలు లేని ఫోల్డరూ తెర మీద ఒక్కలాగే కనిపిస్తాయని ఆయనకెవరు చెప్పారు?

"ఆఁ, లోపల ఎవరూ లే..."

సర్వరమ్మ చెయ్యి ఆయన నోటికీ ఫోన్‌కూ మధ్య అడ్డం పడింది. కుర్చీ ఎప్పుడు వదిలిందో, గది ఎప్పుడు దాటిందో ఆమెకే తెలియదు. ఆయన చేతిలోంచి ఫోన్ లాక్కుని, "వెయ్యద్దు. లోపల మనిషున్నాడు. బోర్డు ముట్టుకోవద్దు. నువ్వు ఆ పెట్టె ముందు నుంచి కదలద్దు," అంది. గొంతు మామూలుగానే ఉంది. పాస్‌వర్డు చెప్పినట్టే చెప్పింది.

"ఎవరమ్మా మాట్లాడేది?"

"ఎవరైతే నీకెందుకు! కదలద్దంటున్నాగా!"

"సరే సరే, కదలను."

బాబాయ్ ముఖం పాలిపోయింది. ఆమె తన తెర ఆయన వైపు తిప్పింది. నాలుగు మెయిళ్ళు. నలుగురు మనుషులు. ఇద్దరూ చెరో ఫోన్ అందుకున్నారు. ఇద్దరు మెకానిక్కులు వెంటనే పలికారు, ఇంకా షాఫ్టు అంచునే ఉన్నారు. మూడోవాడు పని ముగించి టీ తాగుతున్నాడు. మరిది ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. షాఫ్టు అడుగున సిగ్నల్ ఉండదని ఆమెకు తెలుసు, అయినా చేసింది. గార్డు తన తోటివాణ్ణి కింది అంతస్తుకు పంపి, తలుపు సందులోంచి కేకేయించాడు. ఎనిమిది నిమిషాలు పట్టింది.

ఆ ఎనిమిది నిమిషాలూ ఆమె గుండె దడదడలాడాలి కదా? అదీ లేదు. దేవుణ్ణి తలుచుకుందామని చూసింది. పేరు నోటికొచ్చింది గానీ వెనకాల ఏమీ రాలేదు. తన చూపుడువేలు ఫోన్ మీద అదే నంబరు మళ్ళీ మళ్ళీ నొక్కుతుంటే ఎవరి వేలో చూస్తున్నట్టు చూసింది.

చివరికి ఫోన్ పలికింది. "ఏంటొదినా, ఇన్ని మిస్డ్ కాల్స్? పొద్దున దింపి వచ్చానుగా, అప్పుడే నా మీద బెంగ పెట్టుకున్నావా?"

"బయటికొచ్చావా?"

"వచ్చా. చేతులు గ్రీజు. వీడెవడో ఇల్లు తగలబడినట్టు కేకలేస్తే..."

"అక్కడే ఉండు. నేను చెప్పేదాకా దిగకు," అని పెట్టేసింది.

బాబాయ్ నుదురు తుడుచుకుని, "ఆ అంకె లేదమ్మా. నేను చూశాను. అంకె లేదు," అన్నాడు చిన్నపిల్లాడిలా.

"అంకె పడటానికి అసలు ఫోల్డరే లేదు బాబాయ్. ఖాళీవని నేనే వదిలేశాను." సంచిలోంచి పుస్తకం తీసి ఆ పేజీ తెరిచి ఆయన ముందు పెట్టింది. "నువ్వు చెప్పావు. నేను రాసుకున్నాను. ఇదిగో."

ఆయన చదివాడు. ఆమెను చూశాడు. "నోటీసు నాకూ వచ్చే ఉంటుందిగా?" అన్నాడు.

"వచ్చింది."

"చదవలా. సర్దేశా. ఎద్దు ఈనిందంటే గాట కట్టెయ్యమన్న బాపతు మనం." ఆయన నిట్టూర్చాడు. "సగం నాది. నువ్వొక్కదానివే నెత్తినెత్తుకోకు."

ఆమె మేనేజరు గదికి వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పింది. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, "ఎవరికీ ఏమీ కాలేదు కదా, పెద్దది చెయ్యకండి. సాయంత్రం పాత సర్వర్ తుడిచేసే కాగితం మీద సంతకం పెట్టేస్తే అయిపోతుంది," అన్నాడు.

"పెట్టను. ప్రతి ‘లోపల’నూ మెకానిక్కు స్వయంగా పరీక్షించేదాకా పాతది ఉండాలి. అప్పటిదాకా ఎవరూ దిగకూడదు."

"ఆరువందల భవనాలండీ! వారం పడుతుంది."

"పట్టనీండి. ఇవాళ ఎవరూ దిగరు. రేపటి నుంచి దిగబోయే ముందు పరీక్షించి, అంకె పడిందని డెస్క్ చెబితేనే దిగుతారు."

ఆ గొంతులో కోపం లేదు, బతిమాలడం లేదు. బల్ల మీద బరువు పెట్టినట్టుంది. ఆయన లేచి వెళ్ళి, మెకానిక్కులందరినీ ఆ రోజుకు ఆపమని తానే డెస్క్‌కు చెప్పి వచ్చాడు.

పోయిన ఫోల్డర్లను పాత జాబితాలోంచి మళ్ళీ పుట్టించడానికి గంట చాలింది. వాటి పాత అడ్రసులు సరిగ్గా వాటికే తగిలించడమే అసలు పని. ఒకదానిది ఇంకొకదానికి తగిలిందా, ఈ భవనంలో మనిషి దిగితే ఆ భవనం పేరు లావవుతుంది. అంతకన్నా లేకపోవడమే నయం. అందుకని యంత్రం చేసిందాన్ని మనుషులు సరిచూడాలనుకున్నారు. బాబాయ్ భవనం పేరు చదువుతుంటే ఆమె అడ్రసు చదివి టిక్కు పెట్టింది. బిస్కెట్ల ఫ్యాక్టరీ, సంగీతం బడి, పాత కోర్టు, కొత్త కోర్టు. నోరు ఎండిపోతే ఆయన ఆగేవాడు. పనిలేక బయట బల్లల మీద కూర్చున్న మెకానిక్కుల్లో ఒకరు లేచి, అడక్కుండానే రెండు గ్లాసుల నీళ్ళు తెచ్చి వాళ్ళ మోచేతుల దగ్గర పెట్టి వెళ్ళేవాడు. మీవల్లే కదా మాకీ గతి అని ఒక్కరూ అనలేదు. సాయంత్రానికి ఆరువందల పన్నెండూ సరిచూడటం పూర్తయింది.

ఇంటికి వెళ్ళే దారిలో మరిది ఆ రోజు ఎక్కువ మాట్లాడలేదు. మెట్ల దగ్గర దింపి, "ఇంట్లో చెప్పకొదినా. నీ చెల్లెలు రాత్రంతా నన్ను జైల్లో పెట్టినట్టు కాపలా కాస్తుంది," అన్నాడు.

ఆమె తలూపి, తిన్నగా కింది వాటా వంటింట్లోకి వెళ్ళి తోడికోడలికి మొత్తం చెప్పింది. ఏదీ దాచలేదు. పుస్తకంలో రాసుకున్న మాట కూడా చెప్పింది. తోడికోడలు గిన్నె కడుగుతూ వింటోంది. చెప్పడం అయ్యాక కూడా ఆ గిన్నెనే చాలాసేపు కడిగింది. తర్వాత కుళాయి కట్టేసి, చేతులు తుడుచుకుని, కంచం పెట్టి అన్నం వడ్డించింది.

"తిను అక్కా."

"తిట్టవే?"

"తిడితే నీకు తేలిగ్గా ఉంటుందంటే తిడతా. ఉండదుగా."

"ఆ ఎనిమిది నిమిషాలూ నాకేమీ అనిపించలేదే. నిజం చెబుతున్నా. వాడి ఫోన్ పలకలేదు, నాకేమీ కాలేదు. రాయి కూడా నయం."

తోడికోడలు ఆమె ఎదురుగా కూర్చుంది. కళ్ళు ఎర్రబడ్డాయి గానీ గొంతు తొణకలేదు. "నీకేమనిపించిందో నేనడగలేదక్కా. ఆ మనిషి ఇంటికొచ్చాడు, అదిగో అక్కడ చెప్పులు విప్పుతున్నాడు. నువ్వు చెయ్యి అడ్డం పెట్టకపోతే రాడు. నువ్వు మరిచిపోకపోతే చెయ్యి అడ్డం పెట్టే పనే ఉండేది కాదు. రెండూ నిజమే. రెండూ నాకు గుర్తుంటాయి. అన్నం చల్లారిపోతోంది."

గుమ్మం దగ్గర చెప్పులు విప్పుతున్నవాడు, "అయిపోయింది, జైలు ఖాయం," అని గొణిగాడు. సర్వరమ్మ కంచంలోది మొత్తం తినలేదు. సగం తింది.

మర్నాడు పొద్దున మరిది స్కూటరును ఆఫీసు వైపు తిప్పలేదు. "కళ్ళాసుపత్రి పని సగంలో ఉండిపోయిందిగా. నువ్వూ రా వదినా. నీ కంటి ఎదుట దిగుతా. నాకూ ధైర్యంగా ఉంటుంది." ధైర్యం ఎవరికోసమో ఇద్దరికీ తెలుసు.

అతను మెయిన్ ఆపి, బోర్డు తగిలించి, ఫోన్‌లో ఒక మాట కొట్టాడు. సర్వరమ్మ తన ఫోన్‌లో ఆ చెట్టును తెరిచి చూసింది. భవనం పేరు లావైంది. పక్కన ఒకటి. డెస్క్ నుంచి బాబాయ్ ఫోన్ చేసి, "పడింది తల్లీ. దిగమను," అన్నాడు. ఆ రోజు పరీక్షించిన ఫోల్డర్లలో అదే మొదటిది.

మరిది దిగాడు. ఆమె తలుపులేని ఆ మెయిన్ పెట్టె ముందు నిలబడింది. పక్కన గార్డు. నిన్న ఫోన్‌లో విసుక్కున్న గొంతు ఈవిడదేనని అతనికి ఎవరో చెప్పినట్టున్నారు. తన కుర్చీ తెచ్చి ఆమె వెనకాల వేసి, తాను గోడకానుకున్నాడు. ఆమె కూర్చోలేదు. కుర్చీ అంచు పట్టుకుని నిలబడింది. షాఫ్టులోంచి ఇనుము మీద ఇనుము తగిలిన చప్పుడు, మధ్యమధ్య మరిది కూనిరాగం. సర్వర్ గదిలో తొమ్మిదేళ్ళు కూర్చున్న మనిషి, ఆ అంకె అవతల ఏముంటుందో చూడటం అదే మొదలు. ఇరవై ఆరు నిమిషాలు ఆ ఒకటిని చూస్తూ ఉండిపోయింది. కూనిరాగం ఆగినప్పుడల్లా పెట్టెకు మరికాస్త అడ్డంగా జరిగింది. ఎందుకో ఆమెకు అర్థం కాలేదు. కుర్చీని ఇంకొంచెం గట్టిగా పట్టుకుంది.

అతను పైకొచ్చి చేతులు తుడుచుకుంటూ డెస్క్‌కు ఫోన్ చేశాడు. తెర మీద అంకె పోయింది. పేరు సన్నబడింది. ఆమె ఆ పేరు మీద వేలు పెట్టి తెరిచి చూసింది. లోపల ‘లోపల’ ఉంది. ఖాళీగా ఉంది. అప్పుడు గాని బోర్డు తియ్యనివ్వలేదు.

కరెంటు వచ్చింది. లిఫ్టు తలుపులు తెరుచుకున్నాయి. ఎప్పట్నుంచి కాచుకుని ఉందో, ఒక కంటికి కట్టు కట్టిన ముసలామె తడుముకుంటూ లోపలికి అడుగుపెట్టి, "అమ్మాయ్, మూడు నొక్కి పుణ్యం కట్టుకో. ఆ అంకెలు నాకు కనపడవు," అంది.

సర్వరమ్మ ఆమె మోచెయ్యి పట్టుకుని తానూ లిఫ్టు ఎక్కి, మూడు నొక్కింది.